ఐదు రొట్టెలు, రెండు చేపలు: కోత పండుగలో దీన్ని ఎలా చెప్పాలి?

పెరంబూర్_యువత

అందరికీ వందనాలు. చెన్నైలో మా తెలుగు సంఘానికి వచ్చే నెల కోత పండుగ. ఈసారి అంశం ఐదు రొట్టెలు, రెండు చేపలు, అంటే ఒక పిల్లవాడి దగ్గరున్న ఆ కాస్త తిండితో యేసు అరణ్యంలో ఐదువేల మందికి భోజనం పెట్టగా 12 గంపల ముక్కలు మిగిలిన అద్భుతం. ఆ రోజు కార్యక్రమమంతా యవనస్థుల చేతికే ఇచ్చారు. ముందు సండే స్కూల్ పిల్లల నాటిక, తర్వాత 20 నిమిషాల వాక్యం, ఆరాధన అయ్యాక కానుకల వేలం, చివర ప్రేమవిందు. విందుకు 250 మంది వస్తారని అంచనా, అందులో పిల్లలు 60 మంది దాకా ఉంటారు.

వాక్యం దగ్గరే చిక్కు వచ్చింది. జనం సంచుల్లో తిండి ముందే ఉందనీ, ఆ పిల్లవాణ్ని చూసి సిగ్గుపడి బయటికి తీసి పంచుకున్నారనీ, అద్భుతమంటే అంతేననీ మాలో కొందరి వాదన. ఇంకొందరేమో దీన్ని విత్తన కానుకకు ముడిపెడదామంటున్నారు. నీ ఐదు రొట్టెలు ఇచ్చెయ్, దేవుడు వెయ్యింతలు చేస్తాడు అని వేలానికి ముందు చెబితే పాట బాగా పెరుగుతుందట. ఇవి కాక, ఈ ఐదువేల మంది కథా, ఏడు రొట్టెలతో పెట్టిన నాలుగువేల మంది కథా ఒకటేనా, వాటిలో మిగిలిన 12 గంపలకూ 7 గంపలకూ ఏమైనా అర్థముందా అని ఇంకో చర్చ.

తెలిసిన పెద్దలు చెప్పండి. విందు వంట కూడా మేమే చేసుకోవాలనుకుంటున్నాం, దాని సంగతీ ఎవరైనా రాస్తే మేలు.

పాత_బైబిలు

వందనాలు తమ్ముడూ. అర్థం దాకా వెళ్లేముందు ఏ సువార్త చదివించాలో తేల్చుకోండి. పునరుత్థానాన్ని పక్కన పెడితే నాలుగు సువార్తల్లోనూ ఉన్న అద్భుతం ఇదొక్కటే: మత్తయి 14:13-21, మార్కు 6:30-44, లూకా 9:10-17, యోహాను 6:1-15. దీని మీద ప్రసంగం చాలాసార్లు చెడిపోయేది కూడా అందుకే. మార్కు చదివించి, పది నిమిషాలు పిల్లవాడి గురించి మాట్లాడతారు. మార్కులో పిల్లవాడే లేడు. పిల్లవాడు, యవల (బార్లీ) రొట్టెలు, శిష్యుల్లో ఫిలిప్పు వేసిన లెక్క, అంద్రెయ సందేహం, యూదుల పస్కా పండుగ దగ్గరపడిందన్న మాట, ఇవన్నీ యోహాను ఒక్కడే రాశాడు. వందేసి, యాభైయేసి మంది చొప్పున పచ్చని గడ్డి మీద పంక్తులు తీరడం మార్కులో ఉంది. స్త్రీలు, పిల్లలు కాక ఐదువేల మంది అని విప్పి చెప్పింది మత్తయి. బేత్సయిదా పేరు ఎత్తింది లూకా. నాలుగూ కలిపి వండితే ఏ సువార్త ఏం చెప్పదలిచిందో రుచి తెలియదు.

ఇక సంచుల వాదన. ఇది మీ యువత కనిపెట్టింది కాదు. జర్మనీ వేదాంతి హైన్రిక్ పౌలస్ 1828లో యేసు జీవితం మీద రాసినప్పుడు అద్భుతాలన్నిటికీ సహజ కారణాలు వెతుకుతూ దీనికీ ఇదే చెప్పాడు. అప్పటినుంచి ప్రసంగ వేదికల మీద తిరుగుతూనే ఉంది. వినడానికి చక్కగా ఉంటుంది, నీతి కూడా దొరుకుతుంది. సువార్తల పాఠం మాత్రం దానికి ఒప్పుకోదు. మార్కు 6:36లో శిష్యులు జనాన్ని పంపెయ్యమన్నది చుట్టుపక్కల పల్లెల్లో కొనుక్కోవడానికి. నాలుగువేల మంది కథలో ఇంకా సూటిగా, మూడు రోజులుగా ఉన్నారు, తినడానికి ఏమీ లేదు, ఇలాగే పంపితే దారిలో సోలిపోతారు అని యేసే అంటాడు (మార్కు 8:2-3). యోహాను 6:13 అయితే 12 గంపలు నిండింది ఆ ఐదు యవల రొట్టెల ముక్కలతోనే అని పట్టి చెబుతుంది. అన్నిటికంటే గట్టి ఆధారం జనం చేసిన పని. ఈయన లోకానికి రావలసిన ప్రవక్త అన్నారు, బలవంతంగా రాజును చేయబోయారు (6:14-15). ఎవరి తిండి వాళ్లు బయటికి తీసుకుని పంచుకుంటే ఎవరినైనా పట్టుకుని రాజును చేస్తారా?

అద్భుతాన్ని నమ్మాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. నమ్మనివాడు నమ్మనని చెప్పొచ్చు. సువార్త రాసినవాడు పంచుకోవడం గురించే రాశాడని మాత్రం అనకూడదు. ఇంకో మాట గమనించండి. రొట్టె ఏ క్షణాన, ఎవరి చేతిలో పెరిగిందో నాలుగు సువార్తల్లో ఎక్కడా లేదు. పట్టుకున్నాడు, ఆకాశం వైపు చూసి స్తుతించాడు, విరిచాడు, ఇచ్చాడు. ఆ వెంటనే అందరూ తిని తృప్తి పొందారు. మధ్యలో కళ్లు జిగేల్మనే దృశ్యం ఏమీ లేదు. ప్రసంగంలో మీరూ దాన్ని కల్పించవద్దు, విరిచేకొద్దీ రొట్టె ఉబ్బింది లాంటి మాటలు అసలే వద్దు.

అర్థం ఏమిటంటే, నా మట్టుకు మార్కు కథ 6:30 దగ్గర మొదలు కాదు, 6:14 దగ్గర మొదలవుతుంది. ముందు హేరోదు రాజు విందు. పుట్టినరోజు, ప్రధానులు, సైన్యాధిపతులు, గలిలయ పెద్దలు, చివరికి పళ్లెంలో బాప్తిస్మమిచ్చు యోహాను తల. ఆ వెంటనే రెండో విందు. భవనం లేదు, అరణ్యం. ఆహ్వానితుల పట్టిక లేదు, కాపరిలేని గొర్రెల్లాంటి జనం. ఈ గొర్రెల మాట సంఖ్యాకాండం 27:17లో మోషే ప్రార్థన నుంచి వచ్చింది. పచ్చిక మీద కూర్చోబెట్టడం చదవగానే 23వ కీర్తన వచ్చినవాళ్లకు ఇంకేం చెప్పనక్కర్లేదు. ఇశ్రాయేలుకు నిజమైన కాపరి, నిజమైన రాజు ఎవరన్నదే మార్కు ప్రశ్న. ఈ రెండు విందులనూ పక్కపక్కన పెడితే 20 నిమిషాల్లో సగం గడిచిపోతుంది.

యోహాను దారి వేరు. ఆయన అద్భుతం చెప్పి ఊరుకోడు, మర్నాడు కపెర్నహూములో దాని మీద సుదీర్ఘంగా వాదన నడిపిస్తాడు. రొట్టెలు తిని తృప్తి పొందారు గనక వెతుకుతున్నారు, సూచన చూసి కాదు అని యేసు మందలిస్తాడు (6:26). మోషే కాలంలో అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారం, మన్నా ప్రస్తావన వస్తుంది. జీవాహారం నేనే అంటాడు (6:35). ఆ అధ్యాయం చివరికి వచ్చేసరికి చాలామంది శిష్యులు వెనక్కి వెళ్లిపోతారు (6:66). ఐదువేల మందితో మొదలై, మీరు కూడా వెళ్లిపోతారా అని పన్నెండుమందిని అడిగేదాకా వచ్చిన అధ్యాయం అది. దాన్ని ఆశీర్వాదం పెరగడానికి కిటుకుగా చెప్పడం ఎలా కుదురుతుంది?

విత్తన కానుక సంగతి ఇక్కడే తేలిపోతుంది. ఆ పిల్లవాడు స్వయంగా వచ్చి ఇచ్చాడని యోహాను రాయలేదు. ఇక్కడ ఒక చిన్నవాడున్నాడు, వాడి దగ్గర ఇవి ఉన్నాయి అని అంద్రెయ అన్నాడు, అంతే. వాడికి తిరిగి ఎంత వచ్చిందో కూడా లేదు. మిగిలిన 12 గంపలు వాడింటికి చేరాయని ఎవరూ చెప్పలేదు. ఇదే యేసు అరణ్యంలో తన ఆకలికోసం రాళ్లను రొట్టెలు చేసుకోనన్నాడు (మత్తయి 4:3-4), ఇతరుల ఆకలి చూసి చేశాడు. ఈ తేడాను వదిలేసి వేలం పాటకు వాక్యాన్ని వాడుకుంటే అది వ్యాపారమే, నేనైతే ఒప్పుకోను. ఇవ్వడం గురించి చెప్పాలనే ఉంటే 2 కొరింథీయులకు 8:13-15 తీసుకోండి. అక్కడ పౌలు మన్నా కథనే చూపించి, ఎక్కువ కూర్చుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవాడికి తక్కువ పడలేదు అంటాడు. చందా అడగడానికి దానికంటే నిజాయితీ గల వచనం లేదు.

లెక్కల_మాస్టారు

పై అన్నగారి మాటలకు కొన్ని లెక్కలు కలుపుతాను. వాక్యంలో ఇవి బాగా పనికొస్తాయి, ఎందుకంటే ఈ కథలో శిష్యులు మాట్లాడిందంతా లెక్కలే.

శిష్యులు ఎత్తిన మాట 200 దేనారాల రొట్టెలు. ఒక దేనారం ఒక రోజు కూలి (మత్తయి 20:2). వారానికి ఆరు రోజుల పని అనుకుంటే 200 రోజులంటే 33 వారాలు, దాదాపు ఎనిమిది నెలల సంపాదన. ఇది రూపాయల్లోకి మార్చాలంటే పుస్తకాలు వెతకొద్దు, మీ సంఘంలో కట్టడం పనికి వెళ్లేవారిని ఇవాళ్టి కూలి అడిగి 200తో గుణించండి. వినేవాళ్లకు ఒక్కసారిగా అర్థమవుతుంది.

ఆ డబ్బుకు ఎన్ని రొట్టెలు వస్తాయి? క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల నియమాల సంకలనం మిష్నాలో ఒక నియమం ఉంది. ఊరూరా తిరిగే బీదవాడికి ఇచ్చే రొట్టె దేనారంలో పన్నెండో వంతు విలువకు తగ్గకూడదు. ఆ ధర పట్టుకుంటే 200 దేనారాలకు 2,400 రొట్టెలు. మగవాళ్లే 5,000 మంది. ఒక్కొక్కరికి సగం రొట్టె కూడా రాదు. ప్రతివాడికీ కొంచెం కొంచెం ఇచ్చినా చాలదన్న ఫిలిప్పు మాట (యోహాను 6:7) గాలిమాట కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. మిష్నా ధర సుమారు 170 ఏళ్ల తర్వాత రాతలోకెక్కింది, కాబట్టి దీన్ని అంచనాగానే చెప్పండి. ఫిలిప్పుది బేత్సయిదా ఊరు (యోహాను 1:44), ఆ చుట్టుపక్కల రొట్టె ఎక్కడ దొరుకుతుందో ఆయన్నే అడగడంలో వింతేమీ లేదు.

యవలు పేదవాళ్ల ధాన్యం. ప్రకటన 6:6లో ఒక దేనారానికి గోధుమలు ఒక కొలత అయితే యవలు మూడు కొలతలు. చేపలూ చిన్నవే. ఉప్పు పట్టించి ఎండబెట్టినవో, ఊరవేసినవో, రొట్టెలోకి నంజుకోవడానికి. గలిలయ తీరంలో మగ్దల చేపల నిల్వకు పేరుపడ్డ ఊరు. కాబట్టి నాటికలో పిల్లవాడి చేతికి పెద్ద వంజరం చేప అట్టబొమ్మ ఇవ్వకండి, నెత్తళ్లంత చేపలు చాలు.

ఇంకొక లెక్క అందరూ దాటేస్తారు. యాభైమంది చొప్పున అయితే 5,000 మందికి 100 పంక్తులు. వడ్డించేది 12 మంది. ఒక్కొక్క శిష్యుడి వాటాకు ఎనిమిది, తొమ్మిది పంక్తులు, అంటే సుమారు 417 మంది. చేతిచేతికీ అందించుకుంటూ పోతే మనిషికి 10 సెకన్లు వేసుకున్నా 70 నిమిషాలు. అప్పటికే పొద్దు వాలిందని రాసి ఉంది. పంక్తులు లేకపోతే చీకటిపడేది, ముందున్నవాళ్లు తిని వెనకున్నవాళ్లు తోసుకునేవాళ్లు. మార్కు రాసిన వందలు, యాభైలు చూస్తే నిర్గమకాండం 18లో మోషే జనాన్ని వేలు, వందలు, యాభైలు, పదులుగా విభజించడం గుర్తుకొస్తుంది. అరణ్యం, రొట్టె, పంక్తులు మూడూ కలిసి వచ్చాయి, ఇది అనుకోకుండా జరిగిందనుకోను.

ప్రవక్త ఎలీషా కథతో కూడా పోల్చి చూడండి, 2 రాజులు 4:42-44. అక్కడ 20 యవల రొట్టెలు, 100 మంది, పనివాడు ఇది ఎలా చాలుతుందన్నాడు, తిని మిగిల్చారు. కథ నడక అచ్చంగా ఇదే. అక్కడ రొట్టెకు ఐదుగురు, ఇక్కడ రొట్టెకు వెయ్యిమంది.

అంబత్తూర్_పాఠకుడు

గంపల ప్రశ్న మిగిలింది. 12 ఇశ్రాయేలు గోత్రాలకు గుర్తు, 7 అన్యజనులకు, అంటే యూదులు కానివాళ్లకు గుర్తు. నాలుగువేల మంది కథ దెకపొలి ప్రాంతంలో జరిగింది (మార్కు 7:31 చూడండి), అది ఎక్కువగా అన్యుల ప్రాంతం. ద్వితీయోపదేశకాండం 7:1లో కనాను జనాలు ఏడు. అపొస్తలుల కార్యాలు 6లో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్ర భోజనం కోసం ఎన్నుకున్నవాళ్లు ఏడుగురు. ముందు యూదులకు, తర్వాత అన్యులకు అదే బల్ల. మధ్యలో అన్యురాలైన సురోఫెనికయ స్త్రీ వచ్చి, బల్లకింద కుక్కపిల్లలు పిల్లలు పడేసిన ముక్కలు తింటాయి కదా అన్నది (7:28) ఈ రెండు విందుల నడుమే. దీన్ని వదిలేస్తే ఎలా?

పాత_బైబిలు

ఆ స్త్రీ కథ రెండు విందుల మధ్య ఉండటం గట్టి ఆధారమే, దాన్ని తప్పకుండా చెప్పొచ్చు. ఏడు సంఖ్య దగ్గరే నేను కొంచెం వెనక్కి తగ్గుతాను. మార్కు 8:19-21లో యేసు రెండు సంఖ్యలూ అడిగి చెప్పించి, మీరింకా గ్రహించలేదా అని ఆపేశాడు. సంఖ్యకు అర్థం విప్పలేదు. ఆ సందర్భం ఏమిటి? పడవలో ఒక్క రొట్టే ఉందని శిష్యులు బెంగపడుతున్నారు. రెండుసార్లు మిగలడం కళ్లారా చూసినవాళ్లు మళ్లీ రొట్టె లేదని ఏడవడమే అక్కడ విషయం. గోత్రాలు, జనాంగాలు అని చెబితే, చాలామంది వ్యాఖ్యాతలు ఇలా చూస్తారు అని చెప్పండి, వచనంలోనే ఉన్నట్టు చెప్పకండి.

రెండూ ఒకే సంఘటనా అని అడిగారు. ఒకే సంప్రదాయం రెండు రూపాల్లో వచ్చిందనే పండితులు ఉన్నారు. మార్కు మాత్రం రెండుగానే రాశాడు, పైగా యేసు నోటనే రెండిటినీ విడివిడిగా అనిపించాడు. వివరాలూ వేరు: 5 రొట్టెలు 2 చేపలకు బదులు 7 రొట్టెలు కొన్ని చిన్న చేపలు, ఒక సాయంత్రానికి బదులు మూడు రోజులు, పచ్చని గడ్డికి బదులు నేల. సంఘంలో ప్రసంగానికి ఈ చర్చ అక్కర్లేదు, ఎవరైనా అడిగితే ఇంతమాత్రం చెప్పి ఊరుకోండి.

పన్నెండు గురించి మాత్రం ఒకటి. ఆ రోజు శిష్యులకు తినడానికైనా తీరిక లేకపోయిందని 6:31లోనే ఉంది. భోజనానికి నోచుకోని పన్నెండుమందికి చివర పన్నెండు గంపలు ఎత్తే పని పడింది. అవి వాళ్లకోసమే అని రాయలేదు, అయినా చదువరి మనసు అటే పోతుంది.

పంక్తి_వడ్డన

విందు సంగతి నేను రాస్తాను. 190 మంది పెద్దలు, 60 మంది పిల్లలు అన్నారు. ఇద్దరు పిల్లలకు ఒక పెద్ద వాటా వేస్తే 220 వాటాలు. సొంత వంట అంటే ఐదారు రకాలు పెట్టుకోవద్దు. సాంబారన్నం, పెరుగన్నం, ఉర్లగడ్డ కూర, అప్పడం, అరటిపండు. చాలు.

సాంబారన్నానికి బియ్యం 18 కిలోలు, కందిపప్పు 6 కిలోలు, కూరగాయలు 15 కిలోలు (మునక్కాయ, క్యారెట్, బీన్స్, గుమ్మడి, చిన్న ఉల్లిపాయలు). పెరుగన్నానికి బియ్యం 9 కిలోలు, పాలు 14 లీటర్లు, పెరుగు 4 లీటర్లు. ఉర్లగడ్డలు 22 కిలోలు. కూరగాయలు ముందురోజు తెల్లవారుజామున కోయంబేడు మార్కెట్లో తీసుకోండి. బియ్యం కొత్తవి కాకుండా పాతవి అడగండి, కొత్త బియ్యమైతే సాంబారన్నం ముద్దైపోతుంది. తాగేనీళ్లు మనిషికి అరలీటరు లెక్కన 125 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఏడు. 19 కిలోల గ్యాస్ సిలిండర్ ఒకటి వాడకానికి, ఇంకొకటి అదనంగా. మధ్యలో గ్యాస్ అయిపోతే ఆదివారం పూట ఎవరూ తెచ్చివ్వరు.

తప్పు జరిగేది ఎక్కడంటే. మొదటిది, సాంబారన్నం అంతా ఒకే గుండిగలో వండటం. అడుగంటితే మొత్తానికి మాడు వాసన పడుతుంది. రెండు గుండిగల్లో చేయండి. దించేటప్పుడు మామూలుకంటే పలుచగా ఉండాలి, గంటలో గట్టిపడిపోతుంది. పది లీటర్ల వేడినీళ్లు పక్కన ఉంచుకుని వడ్డించే ముందు కలుపుకోండి. చల్లనీళ్లు పోస్తే రుచీ పోతుంది, వేడీ పోతుంది.

రెండోది పెరుగన్నం. వేడన్నంలో పెరుగంతా కలిపి పెడితే చెన్నై వేడికి మధ్యాహ్నానికి పులిసి కూర్చుంటుంది. అన్నం మెత్తగా వండి, చల్లార్చి, కాచి చల్లార్చిన పాలన్నీ పోసి ఒక లీటరు పెరుగు మాత్రం కలపండి. మిగతా మూడు లీటర్లు వడ్డించే ముందు. ఉప్పు కూడా అప్పుడే.

మూడోది అన్నిటికంటే పెద్ద తప్పు, వేలం. ఆరాధన పదకొండున్నరకు అయిపోతుందని వంట పదకొండుకు దించుతారు. వేలం ఒక గుమ్మడికాయ దగ్గర గంటసేపు సాగుతుంది, ఒకటిన్నర అవుతుంది. వండిన అన్నం 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేదా రెండు గంటల్లోపు తినెయ్యాలి. బయట 32 డిగ్రీలు దాటి ఉంటే ఒక్క గంటే. అన్నంలో ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, గోరువెచ్చగా వదిలేస్తే మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకని భోజనం ముందు, వేలం తర్వాత పెట్టుకోండి. వేలం పాడేవాళ్లకు కడుపు నిండితే పాట తగ్గుతుందని ఎవరో అంటారు, పట్టించుకోవద్దు.

వడ్డన పంక్తుల్లోనే. ఒకే వరుసలో నిలబెట్టి మనిషికి 10 సెకన్లు వేస్తే 250 మందికి 40 నిమిషాలు దాటుతుంది, అదీ ఎవరూ రెండోసారి రాకపోతే. యాభైమంది చొప్పున ఐదు పంక్తులు వేసి, పంక్తికి ఇద్దరు వడ్డించేవాళ్లు, మొత్తం పదిమంది. పిల్లల పంక్తి మొదట. వడ్డించేవాళ్లు చివర్న తినాలి, వాళ్ల వాటా పదకొండు భాగాలు ముందే వేరే డబ్బాలో తీసి మూతపెట్టండి (పదకొండోది వంటమనిషికి). సెక్యూరిటీ డ్యూటీ, ఆసుపత్రి డ్యూటీ ఉన్నవాళ్లు ఆలస్యంగా వస్తారు, వాళ్ల వాటా కూడా. 1 కొరింథీయులకు 11:21లో పౌలు కోప్పడింది సరిగ్గా ఇందుకే, ముందొచ్చినవాళ్లు కడుపునిండా తిని వెనకొచ్చినవాళ్లు ఆకలితో ఉన్నారని.

మిగిలింది పోగుచేయమని యేసు చెప్పినట్టు యోహాను 6:12లో ఉంది. దాన్ని చేతల్లో పెట్టాలంటే మిగిలాక వెతుక్కోవడం కాదు. అవసరమైనవాళ్లు ఎక్కడున్నారో ముందురోజే మాట్లాడుకుని, మూతలున్న డబ్బాలు, ఒక ఆటో సిద్ధంగా ఉంచండి. గుండిగలో ముట్టుకోనిది మాత్రమే ఇవ్వాలి, విస్తళ్లలో మిగిలినది కాదు. పెరుగన్నం ఇవ్వకండి, ముందు పాడయ్యేది అదే. సాయంత్రం దాకా ఉంచి ఇస్తే మేలు చేసినట్టు కాదు.

సండేస్కూల్_అక్క

నాటిక గురించి. బుట్టకింద రొట్టెలు దాచి, గుడ్డ తీయగానే బయటపడేలా చేసే కిటుకు చాలాచోట్ల చేస్తారు. చేయకండి. పిల్లలు ఇంటికెళ్లి అమ్మా ఎక్కడ దాచారో నేను చూశాను అంటారు, అద్భుతం ఇంద్రజాలమైపోతుంది. పెరగడం చూపించనేవద్దు, సువార్తలో కూడా లేదు కదా. విరిచి ఇవ్వడం చూపించండి, పంక్తుల మధ్య పన్నెండుమంది పిల్లలు ఖాళీ గంపలతో వెళ్లి నిండు గంపలతో రావడం చూపించండి.

రొట్టెలు నిజమైనవే చేయండి. బార్లీ పిండి కిరాణా కొట్లలో, నాటుమందుల కొట్లలో దొరుకుతుంది. గోధుమపిండిలా సాగదు, కర్రతో ఒత్తితే అంచులు పగులుతాయి. మరిగే నీళ్లు కొద్దికొద్దిగా పోసి కలిపి, పది నిమిషాలు మూతపెట్టి, జొన్నరొట్టెలా చేత్తో తట్టండి. చల్లారితే అట్టముక్కలా గట్టిపడతాయి, కాబట్టి ఆ పొద్దున్నే చేయాలి. పెద్ద పిల్లలకు తలా ఒక ముక్క తినిపించండి, యవల రొట్టె అంటే ఏమిటో మాటలతో చెప్పేపని తప్పుతుంది. గోధుమ పడనివాళ్లకు బార్లీ కూడా పడకపోవచ్చు, తల్లిదండ్రుల్ని ముందే అడగండి.

పిల్లవాడి పాత్రకు మాటలు పెట్టవద్దు. వాడితో పేజీడు డైలాగు చెప్పిస్తే వాడే కథానాయకుడైపోతాడు.

పెరంబూర్_యువత

అక్కకూ అన్నలకూ వందనాలు. మొత్తం చదివి కూర్చుని మాట్లాడుకున్నాం. భోజనం ముందు, వేలం తర్వాత అని కమిటీ ఒప్పుకుంది. వాక్యం మార్కు 6 నుంచి అనుకుంటున్నాం, హేరోదు విందుతో మొదలుపెట్టి. నాటికలో పిల్లవాడుంటాడు, వాడు మార్కులో లేడు. ఈ తేడా ఎలా సర్దాలి? ఇంకోటి, ఎవరో ఐదు రొట్టెలు రెండు చేపల బొమ్మ ఉన్న బుట్టను వేలంలో పెడదామన్నారు, ఆశీర్వాదపు బుట్ట అని.

పాత_బైబిలు

నాటికకు ముందు యోహాను 6:1-15 ఒక పిల్లచేతే చదివించండి. వాక్యానికి ముందు మార్కు 6:14-44 పెద్దవాళ్లెవరైనా చదవాలి. ప్రసంగం మొదట్లో ఒక్క వాక్యం చాలు: ఇందాక పిల్లలు చూపించింది యోహాను చెప్పిన తీరు, ఇప్పుడు మార్కు ఎలా చెప్పాడో చూద్దాం. జనం తికమకపడరు. సమయం ఇలా పంచుకోండి: హేరోదు విందుకు నాలుగు నిమిషాలు, కాపరిలేని గొర్రెలకూ మోషేకూ నాలుగు, శిష్యుల లెక్కలకు మూడు, పట్టుకుని స్తుతించి విరిచి ఇచ్చిన దానికి (6:41) ఐదు. అవే నాలుగు పనులు 14:22లో ప్రభురాత్రి భోజనం దగ్గర మళ్లీ వస్తాయి, అక్కడ రొట్టె తన శరీరమన్నాడు. ఆ రెండు వచనాలూ పక్కపక్కన చదవండి. మిగిలిన నాలుగు నిమిషాలు మీరే వాళ్లకు భోజనం పెట్టండి అన్న 6:37కి. ఆ మాట శిష్యులతో అన్నది, జనంతో కాదు. కాబట్టి కానుకల పెట్టె వైపు చూస్తూ చెప్పవద్దు, వడ్డనకు నిలబడిన పదిమంది వైపు చూస్తూ చెప్పండి.

బుట్ట వేలం వద్దు. గుమ్మడికాయ, అరటిగెల, కొబ్బరికాయలు పాడుకోండి, ఎవరికీ అభ్యంతరం లేదు, అవి పొలం నుంచి వచ్చిన కృతజ్ఞత. ఆశీర్వాదం అని పేరుపెట్టి ఎక్కువ పాడినవాడికి ఇస్తే, పాడలేనివాడికి ఏం చెప్పినట్టు? ఆ బుట్ట అంత బాగుంటే పిల్లల నాటికలో వాడుకోండి.

పంక్తి_వడ్డన

ఒక్క మాట మరిచాను. ఉర్లగడ్డలు ముందురోజు రాత్రే తొక్క తీసిపెడితే నీళ్లలో మునిగి ఉండాలి, లేదంటే నల్లబడతాయి. 22 కిలోలు నలుగురు కూర్చుంటే గంటన్నర పడుతుంది, యువత సమావేశం ఆ రాత్రి అక్కడే పెట్టుకోండి.